చార్జి అప్పగించే పని

నేను ఒక ఫంక్షన్‌ని. షామియానా వేసి భోజనాలు పెట్టే ఫంక్షన్ కాదు. కంప్యూటర్ ప్రోగ్రాములో ఒక చిన్న ముక్కను, పేజీ కూడా నిండని కొన్ని వరుసలను. తూకం వేస్తే తూగను, కింద పడేస్తే చప్పుడు చేయను. అయినా పుట్టాను, పని చేశాను, చేతులు మారాను. నా వల్ల ఒక మనిషి మాట పడ్డాడు. ఆ సంగతి చెప్పుకోవాలనే ఇదంతా.

ముందు నా పని చెబుతాను. కంప్యూటర్‌కు మెదడు లాంటి ప్రాసెసర్‌లో కోర్లు అని చాలామంది పనివాళ్లుంటారు. తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు వేరే. ఆ కార్డు ఎంతసేపు పని చేసింది, ఎంతసేపు ఖాళీగా కూర్చుంది అని చూపించే మీటరు ఒకటుంటుంది. ఆ మీటరు చూసే బాధ్యత ఒక కోర్‌కు అప్పగిస్తారు. చిక్కేమిటంటే, యంత్రం నడుస్తుండగానే కోర్లను ఒక్కొక్కటిగా ఆపేయవచ్చు, మళ్లీ లేపవచ్చు. మీటరు చూస్తున్న కోర్‌నే ఆపేస్తే ఎలా? అందుకే ఏ కోర్‌ను ఆపుతున్నా ముందు నన్ను పిలుస్తారు. ఆఫీసు గోడ మీద ఇన్‌చార్జి పేరు రాసే బోర్డు లాంటిది నా దగ్గర ఒకటుంది. వెళ్లిపోతున్న కోర్ పేరు దాని మీద ఉంటే, మీటరు తీసి మేలుకొని ఉన్న ఇంకో కోర్ చేతిలో పెడతాను, బోర్డు మీద పేరు మారుస్తాను. లేకపోతే నాకు సంబంధం లేదని తిరిగి వచ్చేస్తాను. బదిలీ అయిన గుమాస్తా చేత చార్జి అప్పగింపజేయడం, అంతే.

నన్ను రాసింది వకుళ. హైదరాబాద్‌లో చిప్పులు చేసే ఒక కంపెనీలో గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే ఆ కార్డు చేత పని చేయించే ప్రోగ్రాము, రాసే బృందంలో ఆమె సీనియర్. ఒక వరుస రాసి, దాని మీద వేలు పెట్టి పెదవులు కదుపుతూ చదువుకునేది. నచ్చకపోతే కొట్టేసి మళ్లీ మొదలుపెట్టేది. నేను పూర్తయ్యాక కోర్లను వరుసగా ఆపి చూసింది. మీటరు ఎక్కడా తెగలేదు. "పర్లేదు, బాగానే వచ్చావు" అంది తెర వైపు చూసి. మనుషులు మాతో మాట్లాడతారు. మేం వినమనుకునే మాట్లాడతారు.

అప్పట్లో యంత్రానికి ఒకటే కార్డు. బోర్డు ఒకటి చాలింది.

తరువాత ఈరన్న వచ్చాడు. ఆదోని మనిషి. వాళ్ల నాన్న జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్లు మోసేవాడు. ఆ ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది ఈరన్నే మొదలు. కాంట్రాక్టు మీద చేరాడు. ఈ బృందంలోనే పర్మినెంట్ కావాలన్నది అతని కోరిక. టీ తాగేటప్పుడు కూడా అదే మాట. ఫైలు మరీ పెద్దదైపోయిందని, మీటరుకు సంబంధించిన భాగాన్ని వేరే ఫైలులోకి మార్చమని వకుళ అతనికి చెప్పింది. ఈరన్న నన్ను ఎత్తి కొత్త చోట దించాడు, పక్కింటి పసిపిల్లను ఎత్తుకున్నంత భయంగా. ఒక్క కామా కూడా కదల్లేదు. చోటు మార్చడం అంటే లోపల ఏమీ మార్చకపోవడమని అతనికి ఎవరో గట్టిగా చెప్పి ఉంటారు.

ఆ మరుసటి ఏడు రెండు కార్డుల యంత్రాలు వచ్చాయి. డ్రైవర్ అంతా దానికి సిద్ధం చేశారు, నన్ను తప్ప. ఏ కోర్‌ను ఆపినా నన్ను రెండుసార్లు పిలిచేవారు, కార్డుకొకసారి. మీటర్లు రెండు, బోర్డు మాత్రం ఒక్కటే. మొదటిసారి వెళ్లి మొదటి కార్డు మీటరును అప్పగించి, బోర్డు మీద పేరు మార్చేవాడిని. రెండోసారి వెళ్లి చూస్తే అక్కడ కొత్త పేరు. వెళ్లిపోతున్న కోర్ ఇన్‌చార్జి కాదు కదా అని వెనక్కి తిరిగేవాడిని. రెండో మీటరు ఆగిపోయిన కోర్ చేతిలోనే ఉండిపోయేది. నాకు చెప్పింది నేను చేశాను. అది చాలదని అప్పుడు నాకూ తెలియదు.

ఒక సినిమా గ్రాఫిక్స్ స్టూడియోలో రెండో కార్డు మీటరు ఎప్పుడు చూసినా ఖాళీ అని చూపించింది. ఖాళీగా ఉంది కదా అని వాళ్ల ప్రోగ్రాము పనంతా దాని నెత్తినే వేసింది. కార్డు కాలింది, ఒక పాటకు చేసిన పని పోయింది. ఫిర్యాదు వచ్చింది, వెతుకుతూ వెతుకుతూ నా దాకా వచ్చారు. మీటింగ్ గదిలో నన్ను గోడంత తెర మీద పెట్టారు.

వీళ్ల దగ్గర కంప్యూటర్‌కు ఇచ్చే ఒక ఆజ్ఞ ఉంది. అది కొడితే ప్రతి వరుస పక్కన దాన్ని అక్కడ పెట్టినవాడి పేరు వస్తుంది. దాని పేరు బ్లేమ్. నింద అని తెలిసే పెట్టుకున్నారు, నవ్వుకుంటూనే వాడతారు. అది రాసినవాడెవరో చూడదు, చివరిగా అక్కడ దించినవాడెవరో చూస్తుంది. మేనేజర్ ఫణి ఆ ఆజ్ఞ కొట్టాడు. పైనుంచి కింద దాకా ఒకటే పేరు. ఈరన్న, ఈరన్న, ఈరన్న.

"ఏంటి బ్రదర్, మొత్తం నీదేగా? రెండు కార్డులుంటే ఏమవుద్దో అనుకోలేదా? కునుకు తీస్తా రాశావా ఏంటి?" అన్నాడు ఫణి. ఒకరిద్దరు నవ్వారు.

ఈరన్న వకుళ వైపు చూశాడు. ఆ నెలలోనే డ్రైవర్ మొత్తానికి ఆమెను పెద్దను చేయాలని మాట నడుస్తోంది. వకుళ నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చుంది. బిగించింది, వదులు చేసింది, మళ్లీ బిగించింది.

"చూస్కోవాల్సింది సార్" అన్నాడు ఈరన్న.

నాకు నోరుంటే బాగుండుననిపించింది ఆ ఒక్కసారే.

నన్ను బాగుచేసింది వకుళే. కార్డుకొక బోర్డు పెట్టింది. చేసిన మార్పు కింద కారణం రాయడం వాళ్ల ఆచారం. 'ఈ లోపం మొదటి నుంచీ ఉంది' అని రాసింది. ఎవరు మొదలుపెట్టినప్పటి నుంచో రాయలేదు. ఈరన్న కాంట్రాక్టు పొడిగించలేదు. వెళ్లేరోజు అతను తన పనంతా పద్ధతిగా ఇంకొకరికి అప్పగించి వెళ్లాడు. నాకన్నా బాగా చేశాడు.

ఏళ్లు గడిచాయి. చార్జి అప్పగించే పని డ్రైవర్లు ఎవరికి వారు చేసుకోనక్కర్లేదని, అందరి తరఫునా కింద ఉన్న కంప్యూటర్ మూల వ్యవస్థే చూసుకుంటుందని తీర్మానమైంది. నాలాంటి వాళ్లం అక్కర్లేకుండా పోయాం. ఈ డ్రైవర్లు బయటి లోకానికి తెరిచి ఉంటాయి, ఏ కంపెనీ మనిషైనా మార్పు పంపవచ్చు. నన్ను తీసేసే మార్పు బెంగళూరు నుంచి వచ్చింది. పంపింది అక్కడ ఇంకో కంపెనీలో చేరిన ఈరన్న. డ్రైవర్ పెద్ద ఒప్పుకుంటేనే మార్పు చెల్లుతుంది. పెద్ద అంటే ఇప్పుడు వకుళే.

ఆమె కాల్ చేసింది. ఇద్దరి తెరల మీదా నేనే ఉన్నాను. తీసేసే వరుసలను ఎర్రగా చూపిస్తారు, తల నుంచి కాళ్ల దాకా ఎర్రగా ఉన్నాను.

"బాగున్నావా ఈరన్నా?"

"బాగున్న మేడమ్. మీరెట్లున్నారు?"

"ఉన్నాను. తీసేస్తున్నావన్నమాట దీన్ని."

"ఇంక దానికి పని లేదు కద మేడమ్. వద్దంటే చెప్పండి, ఉంచుదాం."

"వద్దనను." నా మొదటి వరుస మీద వేలు పెట్టింది. "ఆ రోజు మీటింగ్‌లో... దీన్ని రాసింది నేనని నీకు తెలియదనుకుంటాను."

"అదేం మాట మేడమ్" అన్నాడు ఈరన్న మెల్లగా. "దీన్ని కొత్త ఫైల్లోకి తెచ్చింది నేనే కద. యాడ్నుంచి తెచ్చినానో నాకు తెల్దా?"

వకుళ వేలు ఆ వరుస మీదే ఉండిపోయింది.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెప్తారేమో అనుకుంటి. నేను చెప్తే మీ మీద చాడీ చెప్పినట్లుంటది. మీరు చెప్తే అట్ల కాదు."

వకుళ తెర మీంచి వేలు తీసింది.

"కింద కారణం రాసే చోట ఒక మాట చేర్చు" అంది వకుళ. "ఈ ఫంక్షన్ రాసింది వకుళ, ఈరన్న దీన్ని ఫైలు మార్చాడు అంతే, అని."

"ఇప్పుడెందుకు మేడమ్ అది? ఎవరు చదువుతారు?"

"రాయి."

రాశాడు. రాసి, "ఎర్ర వరుసలు ఒకసారి చూస్కోండి మేడమ్, ఎక్కువేమన్నా తీసేసినానేమో" అన్నాడు. ఆమె ఒక్కో వరుస మీదా వేలు పెట్టి పెదవులు కదుపుతూ చదివింది, పుట్టినప్పుడు చదివినట్టే. ఈసారి మధ్యలో రెండుచోట్ల ఆగి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆ తరువాత మార్పుకు ఒప్పుకుంది.

ఇప్పుడు నేను పాత కూర్పుల్లో ఉన్నాను. మా తుక్కుగుట్ట అదే. ఇక్కడ తుప్పు పట్టం, ఎవరూ రారు. ఈరన్న పేరు మీది నింద పోయిందా అంటే పోయింది. ఎవరైనా మళ్లీ ఆ ఆజ్ఞ కొట్టినా నా వరుసల పక్కన అతని పేరు రాదు. వకుళ పేరూ రాదు. తీసేసిన వరుసలను అది చూపించదు.