ఆఖరి పక్కు రాలే వరకూ

పాలగుంటపల్లెలో అమ్మవారు మొదట పోసింది పీరా సాహెబ్ ఇంట్లో. బెల్లం బండి తోలుకొని వారానికోసారి చిత్తూరు పోయి వచ్చే మనిషి ఆయన. 1945 జనవరి మొదట్లో ఆయన రెండేళ్ళ కొడుక్కి ఒళ్ళంతా పొక్కులు లేచాయి. పన్నెండో రోజు బిడ్డ పోయాడు. ఆ వారం తిరక్కుండానే ఇంకో ఆరిళ్ళ గడపలకు వేపమండలు వేలాడాయి. మునసబు మునివెంకటప్ప తలారిని పంపి బడి మూయించాడు.

ఆ బడికి ఒక్కతే పంతులమ్మ, శకుంతలమ్మ. చిత్తూరు కోర్టులో గుమాస్తాగా పనిచేసే ఆయన పెద్దకూతురు. తొమ్మిదో ఏట ఆమెకూ ఇదే జబ్బు చేసింది. ప్రాణం దక్కింది గానీ మొహమంతా గుంటలు మిగిలాయి. ఇద్దరు చెల్లెళ్ళకూ పెళ్ళిళ్ళయ్యాయి. ఈమెను చూడవచ్చినవాళ్ళు మాత్రం కాఫీ తాగి, జాబు రాస్తామని చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు. మూడో జాబు కూడా రాకపోయేసరికి, తనను టీచరు ట్రెయినింగుకు పంపమని ఆమే తండ్రిని అడిగింది. ఐరాల దగ్గరి ఈ పల్లెకు వచ్చి ఆరేళ్ళయింది. బడి వెనక గదిలోనే కాపురం. ముప్పై నాలుగు మంది పిల్లల గోలతో పగలంతా గడిచిపోయేది. సాయంత్రం వాళ్ళు వెళ్ళిపోయినా, మర్నాడు వస్తారన్న ధీమా ఉండేది.

బడి మూసిన తర్వాత ఆ ధీమా పోయింది. మొదటి నాలుగు రోజులు గోడలకు సున్నం కొట్టింది. విరిగిన పలకలు ఏరి ఒక మూల పెట్టింది. ఐదో రోజున చేయడానికి ఏమీ లేక, ఖాళీ గదిలో పిల్లల చాప మీద కూర్చుంది.

ఆ మధ్యాహ్నమే ఓబయ్య వచ్చి బడి బయట నిలబడ్డాడు. రెండెకరాల చెరుకు రైతు. అతని కూతురు మునిరత్నం నాలుగో తరగతి. బళ్ళో అందరికన్నా చురుకైన పిల్ల.

"లోపలికి రానులే పంతులమ్మా," అన్నాడు దూరం నుంచే. "బిడ్డకు పోసింది. మొన్నటి నుంచి మా ఆడమనిషికి గూడా జరం. ఇద్దురూ పడుకోనుండారు. గంజి కాచి పోసే దిక్కు లేదు. చుట్టాల్ని పిలిస్తే ఒక్కరూ గడప తొక్కల్యా. నీకు ఒకసారి వచ్చి పోయిందంటారు గదా, అందుకని..."

తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"పద ఓబయ్యన్నా, వస్తాను. నాకు మళ్ళీ రాదు," అంది శకుంతలమ్మ.

గదికి గొళ్ళెం పెడుతున్నప్పుడు ఆమెకు తెలుసు, ఇక ఆరోగ్యంగా ఉన్న పిల్లల దగ్గరికి తాను పోలేనని. వాళ్ళ ఇళ్ళ అరుగుల మీద కూర్చొని పాఠాలు చెప్పొచ్చని ముందురోజే అనుకుంది. జబ్బు ఇంట్లో అడుగుపెట్టిన మనిషి ఆ పని చేయకూడదు. ఒక క్షణం గొళ్ళెం మీదే చెయ్యి ఉంచి, తర్వాత బయల్దేరింది.

నెల రోజులు ఆ ఇంట్లోనే ఉంది. గంజి కాచింది, అరిటాకులు మార్చింది, చీము కారే చోట్ల మెత్తటి పాత గుడ్డతో అద్దింది. ఓబయ్య భార్య గురవమ్మకు పలచగా పోసి త్వరగానే తగ్గింది. మునిరత్నానికి మాత్రం వేలు పెట్టడానికి సందు లేకుండా పోసింది. కళ్ళు వాచి మూసుకుపోయాయి. ఇరవై రోజుల తర్వాత రెప్పలు విడిపడేసరికి రెండు కళ్ళలోనూ తెల్లగా పువ్వు పరుచుకొని ఉంది.

"తెల్లారలేదా అమ్మా?" అని అడిగింది మునిరత్నం. అప్పుడు పొద్దు నడినెత్తికి వచ్చింది.

గురవమ్మ పెరట్లోకి పోయి, ఏడుపు వినపడకుండా కొంగు నోట్లో కుక్కుకుంది.

తన గదికి తిరిగి వచ్చాక శకుంతలమ్మను ఊరు దూరం పెట్టింది. అది తప్పని ఆమె అనుకోలేదు. తానే అలా ఉండమని చెప్పింది కూడా. కట్టిన బట్టలు కాల్చేసింది, వేడినీళ్ళతో స్నానం చేసింది. బావి దగ్గర ఆడవాళ్ళందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, అప్పుడు నీళ్ళు తెచ్చుకునేది. అంగడాయన బియ్యం మూట రాయి మీద పెట్టి, కేక వేసి పోయేవాడు. ఎదురుపడిన పిల్లలు "పంతులమ్మా!" అని పరుగున వస్తే తల్లులు జబ్బలు పట్టుకొని వెనక్కి లాగేవాళ్ళు. ఆమె కూడా చెయ్యి అడ్డంగా ఊపి, "రావద్దు, ఆడే ఉండండి" అని చెప్పి పక్కకు తప్పుకొనేది. కొన్ని రోజుల్లో ఆమెకు తన గొంతే కొత్తగా వినిపించసాగింది. అందుకని పొద్దున్నే తలుపు తెరిచి, ఎవరూ లేని గదిలో వాచకం పైకి చదువుకొనేది.

మార్చి నడిమధ్యలో ఇన్‌స్పెక్టరు దగ్గర్నుంచి కాగితం వచ్చింది. ఏప్రిల్ ఒకటో తారీకు లోపల బడి తెరవకపోతే ఆ ఏడు పిల్లలకు పై తరగతి ఇవ్వడం కుదరదనీ, బడిని ఐరాల బడిలో కలిపే ఆలోచన చేయవలసి ఉంటుందనీ అందులో ఉంది. ఐరాలకు మూడు మైళ్ళు, మధ్యలో వంక. మగపిల్లలు నలుగురైదుగురు పోతారేమో గానీ, ఆడపిల్లల్ని ఎవరూ పంపరు.

మునసబు ఊరివాళ్ళను బడి ముందుకు పిలిపించాడు. జనం రోడ్డు పక్కన నిలబడ్డారు. శకుంతలమ్మ తన గది వాకిట్లో నిలబడింది. మధ్యన ఆటస్థలం ఖాళీగా ఉంది.

"తెరిస్తే ఏమప్పా?" అన్నాడు మునివెంకటప్ప. "గంగమ్మకు పొంగళ్ళు పెడితిమి. అమ్మను పొలిమేర దాటించి వస్తిమి. ఇంగ భయమేముండాది?"

"మీ ఇంట్లో ఎవురూ పోలేదు మునసబు గారూ, మీకుండదు భయం," అన్నాడు పీరా సాహెబ్. "నేను నా చేతుల్తో మట్టి వేసి వచ్చినా. బషీరా ఒక్కతే మిగిలింది నాకు. దాన్ని పంపను. సర్కారోళ్ళు నన్ను తీసకపోయి లోపలేసినా సరే, పంపను."

"అట్లని ఎన్నాళ్ళు?" అని వెనక నుంచి ఒకామె అడిగింది. "నా కొడుకు రెండు నెల్లుగా గానుగ కాడ పిప్పి ఎత్తతా ఉండాడు. మొన్న పేరు రాయమంటే మొదటచ్చరమే రాల్యా. వానికి గానుగ రుచి తగిలితే ఇంగ బడికి పోతాడా?"

ఆమె మాట నిజమేనని చాలామంది తలలూపారు. పీరా సాహెబ్ మాటకూ అంతమందే ఊపారు. అరుపులు పెరిగాయి. చివరికి మునసబు చెయ్యెత్తాడు.

"నువ్వు సెప్పుమ్మా," అని ఆటస్థలం అవతలికి కేకేశాడు. "పొయ్యేది నీ బడే గదా."

రెండు నెలలుగా ఆమె కోరుకున్నది ఒక్కటే, ఆ గది పిల్లలతో నిండాలని. తెరుద్దాం అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"తెరవొద్దు," అంది.

జనం తలలన్నీ ఆమె వైపు తిరిగాయి.

"ఇంకా రెండిండ్లలో పక్కులు రాలలేదు. ఆ పక్కుల్లోనే జబ్బుండాది. ఆఖరి పక్కు రాలి, ఆ గుడ్డలన్నీ కాల్చినాక ఇంకో మూడు వారాలు చూడాల. అప్పుడు తెరుద్దాం. ఈలోగా ఆ టీకాలాయన్ను మళ్ళీ పిలిపించండి. పోయినసారి ఆయనొస్తే సగంమంది పిల్లోళ్ళను చెరుకుతోటల్లో దాపెట్టినారు."

"ఒకటో తారీకు దాటిపోతాది గదమ్మా. బడి ఐరాలకు పోతే?"

"పోతే అర్జీలు పెట్టి తెచ్చుకుందాం. పిల్లోళ్ళు పోతే ఎవురికి అర్జీ పెడతారు?"

గుంపులోంచి ఒక గొంతు లేచింది. "జబ్బిండ్లల్లో తిరిగొచ్చింది ఆమే గదా. ఇప్పుడు మనకు సుద్దులు సెప్తా ఉండాది. ఆమె వల్ల ఎందురికి అంటిందో ఎవురికెరుక?"

ఎవరన్నారో ఆమెకు కనిపించలేదు. కాదని చెప్పేవాళ్ళ కోసం ఆమె కళ్ళు గుంపంతా వెతికాయి. ఓబయ్య ఆ రోజు రాలేదు. పీరా సాహెబ్ నేల చూస్తున్నాడు. ఆమె లోపలికి వెళ్ళి గడువు పొడిగించమని ఇన్‌స్పెక్టరుకు అర్జీ రాసి, కాగితం వాకిట్లో రాయి కింద పెట్టి తలుపు దగ్గరికి వేసుకుంది. కాసేపటికి తలారి వచ్చి పుల్లతో కాగితం మీది దుమ్ము తట్టి, తీసుకుపోయాడు.

ఆమె వెనక తలుపు తీసుకొని ఓబయ్య ఇంటికి నడిచింది. ఊళ్ళో ఆమె పోగలిగిన ఇల్లు అదొక్కటే.

మునిరత్నం గోడకు ఆనుకొని కూర్చుంది. పక్కులు రాలిపోయాయి. తల్లి పక్కన లేదని అలికిడిని బట్టి తెలుసుకొని అడిగింది.

"పంతులమ్మా, మాయమ్మ నన్ను బాగుండావంటాది. చేత్తో తడిమితే గుంతలు తగలతా ఉండాయి. నా మొగం ఎట్లుండాది?"

శకుంతలమ్మ పిల్ల చెయ్యి పట్టుకొని తన చెంప మీద పెట్టింది.

"ఇట్లుండాది."

ఆ చిన్న వేళ్ళు చెంప మీదా ముక్కు మీదా నుదుటి మీదా నెమ్మదిగా తిరిగాయి. పుట్టి బుద్ధెరిగాక ఆమె మొహాన్ని అంతసేపు ఎవరూ ముట్టుకోలేదు.

"నాకింకా జాస్తి ఉండాయి," అంది మునిరత్నం.

"ఉండాయి. నీవి కొత్తవి. పోనుపోను కొంచెం మెత్తబడతాయి. పూర్తిగా పోవు."

"ఒకటో తరగతిలో మిమ్మల్ని సూసి నేను భయపడినా."

"తెలుసు. అందురూ భయపడతారు. నీకు ఎప్పుడు పోయిందో చెప్పు."

పిల్ల ఆలోచించింది. "రెండో ఎక్కం వచ్చేసరికి పోయింది."

"అంతే మరి. పదమూడో ఎక్కం ఎంతవరకు వచ్చింది మనకు?"

మునిరత్నం సన్నటి గొంతుతో మొదలుపెట్టింది. తొమ్మిదో మెట్టు దగ్గర తప్పింది. శకుంతలమ్మ దిద్దింది. మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.

ఇన్‌స్పెక్టరు గడువు పొడిగించాడు. చివరి ఇంట్లో పక్కులు మార్చి నెలాఖరుకు రాలాయి. ఏప్రిల్ మూడో వారంలో బడి తెరిచినప్పుడు పందొమ్మిది మంది వచ్చారు. ముప్పై నాలుగు మందిలో ఇద్దరు జబ్బుతో చనిపోయారు. మిగతా పిల్లల్లో కొందరిని ఇళ్ళవాళ్ళు పంపలేదు, కొందరు గానుగ దగ్గరే ఉండిపోయారు. పీరా సాహెబ్ బషీరాను తానే తీసుకొచ్చి వాకిట్లో వదిలాడు. "ఆ పొద్దు నిన్ను అంటా ఉంటే నేను నోరు మూసుకోనుంటి. తప్పే," అని మాత్రం అని, తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

మునిరత్నాన్ని పంపడానికి ఓబయ్య ఒప్పుకోలేదు. "కండ్లు లేని బిడ్డకు సదువేందిమా? నలుగురిలో పెట్టి నగుబాటు చేసేదానికా?" అన్నాడు.

"ఇంట్లో మూలన కూర్చోబెడితే నగుబాటు తగ్గతాదా అన్నా? చెవులుండాయి, నోరుండాది, బుద్ధి ఉండాది. ఎందుకు పోగొట్టేది?"

ఐదో రోజు గురవమ్మే కూతురి చెయ్యి పట్టుకొని తీసుకొచ్చింది.

చాప మీద మునిరత్నం కూర్చోగానే పక్కనున్న పిల్లలు జరిగారు. శకుంతలమ్మ వాళ్ళను కసరలేదు. కసిరి కూర్చోబెడితే ఎలా కూర్చుంటారో ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పది రోజులు ఆ పిల్ల చుట్టూ చాప ఖాళీగానే ఉంది. పదకొండో రోజున నోటిలెక్కలప్పుడు బషీరా మెల్లగా జరిగి మునిరత్నం పక్కకు చేరింది. బషీరాకు లెక్కలు బొత్తిగా రావు. మునిరత్నం పెదవులు కదిలాయి. బషీరా లేచి నిలబడి జవాబు గట్టిగా చెప్పింది. శకుంతలమ్మ బోర్డు వైపు తిరిగి, ఏమీ విననట్టే ఉండిపోయింది.

జులైలో ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మునిరత్నాన్ని నిలబెట్టి అడిగిందల్లా చెప్పించుకున్నాడు. ఆశ్చర్యపోయాడు కూడా. పరీక్ష రాయలేని పిల్ల పేరు హాజరు పట్టీలో ఉండటానికి వీల్లేదని మెత్తగా చెప్పి, ఎర్ర సిరాతో గీత కొట్టాడు. శకుంతలమ్మ ఎంత వాదించినా వినలేదు.

మర్నాడు హాజరు పిలవడం ముగియగానే మునిరత్నం లేచింది. "పంతులమ్మా, నా పేరు పిలవలేదు."

శకుంతలమ్మ పట్టీ మూసింది. తర్వాత, "మునిరత్నం," అని పిలిచింది.

"వచ్చినాను."

ఆ రోజు నుంచి పట్టీ మూసిన తర్వాత ఆ పేరు పిలవడం అలవాటైంది. పిల్లలు కూడా ఆ ఒక్క పేరు అయ్యేదాకా పలకలు తీసేవాళ్ళు కాదు.

మరుసటి ఏడు జూన్‌లో శకుంతలమ్మను బంగారుపాళ్యం మార్చారు. పెద్ద బడి, నలుగురు టీచర్లు. అయినా ఆమెకు అక్కడ మాటలు కలిసినవాళ్ళు లేరు. దసరా సెలవుల ముందు ఒక కార్డు వచ్చింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి.

"పంతులమ్మకు మునిరత్నం నమస్కారాలు. కొత్త అయ్యవారు నా పేరు పిలవడు. నన్ను పొమ్మని గూడా అనడు. ఒకటో తరగతి పిల్లోళ్ళకు నేనే ఎక్కాలు చెప్పిస్తా ఉండాను. మొదట నన్ను చూసి ఏడుస్తారు, తర్వాత మానుకుంటారు. మీరు లేకపోతే తోచదు. రాసేది బషీరా. తప్పులుంటే దానివే."

శకుంతలమ్మ ఆ కార్డును రెండుసార్లు చదివింది. పిల్లలందరూ వెళ్ళిపోయారు, టీచర్లు తాళాలు వేసుకొని పోయారు. ఆమె కిటికీ పక్కన కూర్చొని జవాబు మొదలుపెట్టింది. నాలుగు మాటలు రాసి ఆగింది. చదివి వినిపించాల్సింది బషీరానే, ఆ పిల్లకు కూడబలుక్కొని చదివే అలవాటు. రాస్తున్న కార్డును పక్కన పెట్టి ఇంకో కార్డు తీసుకుంది. అక్షరాలు విడివిడిగా, పెద్దవి చేసి, మళ్ళీ మొదటి నుంచి రాయసాగింది.