మీటింగుకో అడుగు

హైమవతి టీచరు రోజూ ఎనిమిదిన్నరకి పవర్ హౌస్ దగ్గర ఆటో ఎక్కి, తొమ్మిదింటికి రుఆబాంధా బస్తీ చివర దిగి, సంచిలో తాళాల కోసం వెతుక్కుంటూ బడి ఇవాళ ఎక్కడుందో చూసుకుంటుంది.

ఒక గది, ఒక వరండా, అయిదు తరగతులు, ఇరవైరెండు మంది పిల్లలు, ఒక్క టీచరు. ఒకటో తరగతి చేత అక్షరాలు దిద్దించేలోపు నాలుగో తరగతి జుట్లు పట్టుకుంటుంది. వాళ్ళని విడదీసి వచ్చేసరికి ఒకటో తరగతి అక్షరాలు చెరిపేసి బొమ్మలేసుకుంటుంది. ఇది చాలదన్నట్టు రెండేళ్ళ కిందట సర్కారు బడుల్ని బాగుచెయ్యడానికి ఒక కమిటీ వేశారు. భిలాయ్ మొత్తం మీద ఇంకెక్కడా చోటు దొరకనట్టు ఆ కమిటీ నెలకి రెండు శనివారాలు ఈ గదిలోనే కూర్చుంటుంది. అప్పుడు పిల్లలు వరండాలోకి పోవాలి, టీచరు టీ కాచాలి.

కమిటీ చర్చించినప్పుడల్లా బడి వెనక్కి జరుగుతుంది. స్మార్ట్ బోర్డుల ప్రతిపాదన వచ్చిన రోజు మూరెడు జరిగింది. సమగ్ర వికాసం గురించి మాట్లాడిన రోజు రెండు మీటర్ల పైనే పోయింది. మాట ఎంత పెద్దదైతే అడుగు అంత పెద్దది. గ్లాసుల్లో టీ కాస్త ఊగుతుంది, అంతే. బయటికొచ్చేసరికి గుమ్మం ముందు విడిచిన చెప్పులు ఎడంగా ఉంటాయి, నడిచెళ్ళి తొడుక్కుంటారు. కరెంటు మనిషి రెండు నెలలకోసారి వచ్చి తీగ పొడిగించి పోతాడు. కుళాయీ, మరుగుదొడ్లూ మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి, పిల్లలు అక్కడిదాకా పరిగెత్తాలి. ఆ సంగతి చర్చకి పెట్టమని హైమవతి మూడుసార్లు కాగితం ఇచ్చింది. మూడుసార్లూ వచ్చే మీటింగులో చూద్దామన్నారు.

ఆ శనివారం విద్యాశాఖ అధికారి మనోజ్‌కుమార్ ఫైలు తెరిచాడు. ఆయన తాతది టెక్కలి. మనవడి తెలుగులో సగం హిందీ.

"కొత్త రూల్ ఆగయా. ముప్ఫై కన్నా తక్కువ బచ్చే ఉండి, కిలోమీటర్ లోపల దూస్రా స్కూల్ ఉంటే, ఇది బంద్. పిల్లల్ని పెద్దబడిలో కలిపేస్తాం. వచ్చే మీటింగ్‌లో సంతకాలు, బస్."

పక్కనున్న గురుమూర్తిగారు కళ్ళజోడు సర్దుకున్నారు. స్టీల్ ప్లాంటులో ముప్ఫైనాలుగేళ్ళు ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి. ఏ కొలతైనా మూడుసార్లు తీసి, కంటికి కనబడిందే రాసి, కింద సంతకం పెట్టడం ఆయన పద్ధతి. పైవాళ్ళు చెప్పినా అంకె మార్చడని ప్లాంటులో ఆయన మీద విసుక్కోనివాళ్ళు లేరు.

"పెద్దబడి గేటు నుంచి ఈ గుమ్మానికి తొమ్మిదివందల అరవైతొమ్మిది మీటర్లమ్మా. పొద్దున్నే కొలత చక్రం తిప్పి చూశాను. సంతకాల రోజున మళ్ళీ చూస్తాను," అన్నారాయన. "మీ మీద నాకేం కోపం లేదు. అయిదు తరగతులకి ఒక్కరు చెబితే అదీ ఒక చదువేనా? అక్కడ తరగతికో టీచరుంది, లైబ్రరీ ఉంది."

అది నిజం. నిజం కాబట్టే హైమవతికి ఒళ్ళు మండింది.

"ఉంది సార్. మరి కుసుమ ఏమైపోవాలి?"

"కుసుమ ఎవరు?"

రెండేళ్ళుగా వీళ్ళు ఈ గదిలో కూర్చుని టీలు తాగుతుంటే, కుసుమ గుమ్మం పక్కనే కూర్చుని ఎక్కాలు రాస్తోంది. మూడో తరగతి. ఏడాది నిండని చెల్లెల్ని చంకనేసుకుని బడికొస్తుంది. బడి వెనక ఖాళీ స్థలం, దాని అవతల గుడిసెలు, అందులో మొదటిది వాళ్ళది. తల్లి సెక్టర్ 2లో నాలుగిళ్ళలో పని చేస్తుంది. ఇంట్లో నాయనమ్మ ఉంది గానీ పాకే పిల్ల వెనక పరిగెత్తలేదు. పెద్దబడిలో చంటిపిల్లల్ని రానివ్వరు. హైమవతి వెళ్ళి అడిగొచ్చింది. ఈ బడి మూస్తే కుసుమ చదువు మూడో తరగతితో సరి.

ఇదంతా చెబితే తల్లిదండ్రుల సంఘం అధ్యక్షుడు రాజాబాబు నవ్వాడు. "బాగుందండి మేడంగారూ. ఒక్క పిల్ల కోసం రూలు ఆపేత్తారేటి?"

అంతటితో ఫైలు మూశారు. నిర్ణయం ముందే అయిపోయింది కాబట్టి చర్చ లేదు. చర్చ లేదు కాబట్టి బడి కదల్లేదు. హైమవతి బయటికొచ్చి చూస్తే చెప్పులన్నీ విడిచినచోటే ఉన్నాయి. ఆమె వాటికేసి చాలాసేపు చూసింది. రెండేళ్ళుగా వీళ్ళ నోళ్ళు ఎప్పుడు మూతపడతాయా అని ఎదురుచూసిన మనిషి. తీరా మూతపడ్డాక, కిలోమీటరుకి ఇంకా ముప్ఫై ఒక్క మీటర్లు తక్కువ.

ఆఖరి మీటింగు రోజున హైమవతి రెండింతల పాలు తెచ్చింది, బిస్కెట్లు తెచ్చింది. మనోజ్‌కుమార్ పెన్ను మూత తీశాడు. ఆమె గ్లాసులు అందిస్తూ మెల్లిగా అంది.

"సంతకాలకి ముందు చిన్న మాట సార్. ఒకటో తరగతి పిల్లలకి చదువు ఏ భాషలో మొదలుపెట్టాలో కమిటీ రిపోర్టులో రాయలేదు. ఆ గడి ఖాళీగా ఉంది."

పెన్ను ఆగిపోయింది.

"తెలుగేనండి," అన్నాడు రాజాబాబు. "మన తాతలొచ్చి ఈ ప్లాంటు కట్టేరు. తెలుగు లేకపోతే ఎలాగ?" అతని పిల్లలు కాన్వెంటులో చదువుతారు, తెలుగులో అన్నం కూడా అడగలేరు.

"హిందీ లేకుండా ఇక్కడ నౌకరీ ఎవరిస్తారు భయ్యా?" అన్నాడు మనోజ్‌కుమార్.

"సైన్సు ఏ భాషలో ఉంది? ముందది చెప్పండి," అన్నారు గురుమూర్తిగారు. మహిళా సంఘం తరఫున వచ్చే భాగ్యరేఖ, బస్తీ పిల్లలకి ఇంట్లో వచ్చేది ఛత్తీస్‌గఢీయే కదా అని గుర్తుచేసింది. ఇక ఎవరూ ఎవరి మాటా వినలేదు. గ్లాసుల్లో టీ ఊగింది.

పన్నెండింటికి గొంతులు తగ్గుతుంటే హైమవతి మళ్ళీ టీ పోసి, అయిదో తరగతికి పరీక్షలు ఉండాలా వద్దా అని అడిగింది. ఒంటిగంటకి అదీ చల్లారబోతుంటే, మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టాలా అరటిపండు పెట్టాలా అంది. దాంతో రాజాబాబు లేచి నిలబడ్డాడు. గోడకున్న పటం పక్కకి ఒరిగింది. నాలుగు గంటలసేపు ఒక్కరంటే ఒక్కరు, ఇరవైరెండేళ్ళుగా చెబుతున్నావు నువ్వేమంటావని ఆమెని అడగలేదు. అడగకపోవడమే ఆమెకి కావలసింది. అయినా కడుపు మండిపోయింది.

రెండింటికి అలసిపోయి బయటికొచ్చారు. చెప్పులు ఎక్కడో మైదానం అవతల ఉన్నాయి. ఏప్రిల్ నెల ఎండ. కాలుతున్న నేల మీద కమిటీ మొత్తం గెంతుకుంటూ పోయింది.

గురుమూర్తిగారు చెప్పులేసుకుని, చక్రం తీసుకుని పెద్దబడి దాకా వెళ్ళి కొలుచుకుంటూ వచ్చారు. వెయ్యిన్నీ రెండు. మళ్ళీ వెళ్ళారు. డెబ్భై ఏళ్ళ మనిషి, చొక్కా వీపుకి అంటుకుపోయింది. వెయ్యిన్నీ రెండు. మూడోసారీ వెళ్ళొచ్చారు.

"సర్, పాతది తొమ్మిదివందల అరవైతొమ్మిది హై నా. అదే రాసెయ్యండి. మళ్ళీ ఫైలంతా మార్చాలి," అన్నాడు మనోజ్‌కుమార్.

"అది ఆ రోజు కొలత. ఇది ఇవాళ్టిది." అంకె వేసి సంతకం పెట్టారు. కిందనే, ఈ బడికి రెండో టీచరు కావాలని ఇంకో వాక్యం రాశారు. తర్వాత మంచినీళ్ళు తాగి, "ఆ కుసుమ ఎవరో చూపించమ్మా," అన్నారు.

హైమవతి ఆయన్ని బడి వెనక్కి తీసుకెళ్ళింది. చెయ్యెత్తి చూపించింది. బడి వెనక గోడ కుసుమ గుడిసెకి రెండంగల దూరంలో ఆగి ఉంది.

రెండో టీచరు ఇప్పటికీ రాలేదు. వస్తుందని ఎవరూ అనుకోలేదు. కానీ సోమవారం పొద్దున్న చెల్లెల్ని గుడిసె గుమ్మంలో నాయనమ్మ ఒడిలో దింపి, కుసుమ బడికొచ్చి వెనక కిటికీ పక్కన కూర్చుంది. అక్కణ్ణించి గుడిసె గుమ్మం కనబడుతుంది, ముసలమ్మ పిలిస్తే వినబడుతుంది. ఆ పిల్ల చాలాసేపు చంక తడుముకుంది. తర్వాత ఒక చేత్తో పలక పట్టుకుని, రెండో చేత్తో ఏడో ఎక్కం రాసింది. అంకెలు మొదటిసారి వంకర లేకుండా వచ్చాయి. హైమవతి అది చూసి ఏదో అనబోయింది గానీ, అంతలో నాలుగో తరగతి మళ్ళీ జుట్లు పట్టుకుంది.