ఆరిందని చెప్పే చెయ్యి

సైకిళ్లాయన వేణ్ణీళ్ల బకెట్లో చన్నీళ్లు కలుపుతున్నాడు. ఒక చెంబు పోసి చెయ్యి పెట్టి చూశాడు. ఇంకో చెంబు పోద్దామనుకుని ఆగాడు. సరిపోయినట్టే అనిపించింది. తెల్లవారకముందే ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడే భార్యకు రోజూ స్నానానికి నీళ్లు పెట్టడం అతని పని. పెళ్లైన కొత్తలో ఎవరూ చూడకుండా చేసేవాడు. ఇప్పుడు ఎవరైనా చూస్తారేమోనని సిగ్గుపడే వయసు దాటిపోయింది.

"నీళ్లు పెట్టానే!" అని కేకేసి పెరటి అరుగు మీద కూర్చున్నాడు. లోపల మొదటి చెంబు చప్పుడైంది. ఆ వెంటనే అరుపు వినిపించింది.

"ఏమయ్యా! నన్ను ఉడకబెట్టి తోలు ఒలుద్దామనుకున్నావా ఏంటి?"

"చూసే పెట్టానే."

"ఏం చూశావు, నా మొహం! ఈ నీళ్లు పోస్తే కోడికి ఈకలు వాటంతటవే ఊడిపోతాయి."

అతను నవ్వాడు. నవ్వుతూనే చేతి వైపు చూసుకున్నాడు. మణికట్టు దాకా ఎర్రగా కంది ఉంది. ఆ సంగతి చేతికి ఇంకా తెలిసినట్టు లేదు. వేళ్లు ముడిచాడు, విప్పాడు. అరికాళ్లలో మొదలైన తిమ్మిరి వేళ్ల దాకా పాకి చాలాకాలమైంది. షుగరు ముదిరితే నరాలు మొద్దుబారతాయని ఆసుపత్రిలో నర్సమ్మ ఎప్పుడో చెప్పింది. తన చెయ్యి మొద్దుబారడానికి స్పానర్లు కారణమని అతను తీర్మానించుకున్నాడు. మనిషి తనకు ఇష్టం లేని మాట వినకుండా ఉండటానికి చెవుడే అక్కర్లేదు.

ముందు గది చెరిసగం వాళ్లది. కుడివైపు అతని రిమ్ములు, ట్యూబులు, నూనె మరకల నేల. ఎడమవైపు ఆమె బల్ల, అక్కడక్కడా మాడిన దుప్పటి, బొగ్గుల ఇస్త్రీపెట్టె. వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడన్నట్టు ఇద్దరి సంపాదనా కలిస్తే ఇల్లు గడిచేది. ఎవరివి వేణ్ణీళ్లు, ఎవరివి చన్నీళ్లు అన్న తగవు మాత్రం పాతికేళ్లుగా తెగలేదు.

అతను పొట్టిమనిషి. గోళ్ల చుట్టూ ఎంత రుద్దినా పోని నల్లని గీతలు. ఎడమ కనుబొమ్మ సగమే ఉంటుంది. మిగతా సగం ఒక వేసవిలో చెరకుతోట మంటలో పోయింది, మళ్లీ మొలవలేదు. ఆ ఊళ్లో నిప్పంటుకుంటే పట్నం నుంచి ఫైరింజను వచ్చేలోపు బూడిద కూడా చల్లారిపోతుంది. అందుకే ఊరివాళ్లే ఒక దళం కట్టుకున్నారు. ట్రాక్టరు వెనక తగిలించే నీళ్ల ట్యాంకు, పంపు, గొట్టాలు, తడిపిన గోనెసంచులు వాళ్ల ఆస్తి. పోస్టుమాస్టరు వాళ్లకు పెద్ద. జీతం లేదు. బొబ్బలు మాత్రం అందరికీ సమానంగా దొరికేవి.

ఆ దళంలో సైకిళ్లాయన పని అందరికంటే చివర మొదలయ్యేది. మంట ఆరాక అతను చేతితొడుగులు విప్పి, బూడిద మీద మోకరిల్లి, అరచేతి వెనక భాగాన్ని మెల్లగా ఆనించుకుంటూ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వెళ్లేవాడు. అడుగున దాగిన నిప్పు కంటికి కనిపించదు, పొగ కూడా రాదు. గాలి లేచే దాకా పడుకుని ఉండి, అందరూ ఇళ్లకు పోయాక లేస్తుంది. అతని చెయ్యి దాన్ని పట్టుకునేది. "ఇక్కడ తవ్వండి" అంటే తవ్వేవారు. "ఆరింది" అంటే ఇళ్లకు పోయేవారు. నాడి పట్టుకున్నట్టు ఉంటుందని అతనికి 'వైద్యుడుగారు' అని పేరు పెట్టారు.

భార్యకు ఆ వైద్యం మీద గౌరవం లేదు. "పెళ్లాం పిలిస్తే వినపడదు గానీ సైరను మూలిగితే వినపడుతుంది" అనేది.

కొట్టు తెరిచాడో లేదో లెక్కల టీచరమ్మ సైకిలు నడిపించుకుంటూ వచ్చింది.

"మాస్టారూ, నిన్న మీరు పంచరేసిన చోటే మళ్లీ గాలి పోయిందండీ."

"అదెలా పోతుందమ్మా!" అంటూ టైరు విప్పాడు. లోపలి వైపు వేళ్లు ఆనించి చుట్టూ తిప్పాడు. ముల్లు ఉంటే వేలికి తగలాలి. ఏమీ తగల్లేదు. ఇంకోసారి తిప్పాడు. టైరు లోపల నున్నగా, దూదిలా, ఏమీ చెప్పకుండా ఉంది.

"నన్ను చూడనివ్వండి" అని టీచరమ్మ చెయ్యి పెట్టింది. అరచుట్టు తిరగకముందే "అబ్బా!" అని వేలు లాక్కుంది. వేలి కొన మీద చిన్న రక్తపు చుక్క ఉంది.

అతను పట్టుకారుతో ముల్లు లాగాడు. తుమ్మముల్లు. అంత పెద్దది తన వేలి కింద నుంచి రెండుసార్లు తప్పించుకుపోయింది. గొంతు సవరించుకుని "ఈ మధ్య ముళ్లు కూడా తెలివి మీరాయమ్మా" అన్నాడు. టీచరమ్మ నవ్వింది. ఎడమవైపు బల్ల దగ్గర ఇస్త్రీపెట్టె చప్పుడు మాత్రం ఆగింది. భార్య తనవైపే చూస్తోందని తలెత్తకుండానే తెలిసింది. అతను ట్యూబు మీద బంక రాస్తూ ఉండిపోయాడు.

ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు సైరను మోగింది.

అంటుకుంది పాలమ్మే పెద్దమ్మ గడ్డివాము. ఊరంతా ఆమెను పాల పెద్దమ్మ అనేది. పొయ్యిలోని బూడిద ఆరిందనుకుని దొడ్డి వెనక పారబోసింది. వాముకూ దూడల కొట్టానికీ మధ్య మనిషి నడిచేంత జాగా మాత్రమే ఉంది. కొట్టానికి ఆనుకుని ఇల్లు. ముసలమ్మ దూడలను విప్పి వీధిలోకి తోలి, తాను మళ్లీ వెనక్కి పరుగెత్తబోతుంటే పొడుగోడు ఎత్తి పట్టుకున్నాడు. వాడు దళంలో అందరికంటే పొడుగు, అందరికంటే గొంతు పెద్ద.

"దించరా! కొట్టంలో పాలక్యాన్లున్నాయి!"

"నువ్వు ఉంటే క్యాన్లు కొనుక్కోవచ్చు పెద్దమ్మా. క్యాన్లుంటే నిన్ను కొనుక్కోగలమా?"

సైకిళ్లాయన తడి గోనె తీసుకుని కొట్టం కప్పు మీద పడుతున్న నిప్పురవ్వలను బాదాడు. వడ్రంగి గొట్టం పట్టాడు. పోస్టుమాస్టరు పంపు దగ్గర నిలబడి, ఉత్తరాలు పంచినంత నిదానంగా ఎవరెక్కడ ఉండాలో చెప్పాడు. ఎండుగడ్డి కాలే వాసన, తడిసిన గడ్డి వాసన ఒకదాన్నొకటి తరుముకున్నాయి. చివరకు కొట్టం నిలిచింది, ఇల్లు నిలిచింది. వాము ఉన్న చోట ఒక నల్లని గుట్ట మిగిలింది.

"రండి వైద్యుడుగారూ, నాడి చూడండి" అన్నాడు పొడుగోడు. అందరూ గడ్డి లాగే పంగలకర్రలకు ఆనుకుని నిలబడ్డారు. మొహాలన్నీ మసి, నవ్వితే పళ్లొక్కటే తెల్లగా ఉన్నాయి.

సైకిళ్లాయన తొడుగులు విప్పి మోకరిల్లాడు. చెయ్యి ఆనించాడు. చల్లగా ఉంది. జరిగాడు. చల్లగా ఉంది. కొట్టం వైపు, వీధి వైపు, గుట్ట నడుమ, ఎక్కడ పెట్టినా ఒకటే. పొద్దున్న బకెట్లో నీళ్లు కూడా ఇలాగే ఉన్నాయి.

అతను అలా ఎంతసేపు ఉన్నాడో గానీ వెనక ఎవరో దగ్గారు.

"ఆరింది" అన్నాడు.

ఆ ఒక్క మాటకు అందరి భుజాలూ దిగాయి. గొట్టం చుట్టడం మొదలైంది. పొడుగోడు పాట అందుకున్నాడు, వడ్రంగి ఆపమన్నాడు. పాల పెద్దమ్మ వీధిలోంచి దూడలను తోలుకొచ్చింది. అన్నిటికంటే చిన్నదాన్ని, ఇంకా కాళ్లు తడబడేదాన్ని, కొట్టంలోకి తీసుకెళ్లి గుంజకు కట్టింది. ముడి వేసి, ఒకసారి లాగి చూసి, బిగిసిందని తృప్తి పడింది. అతనివైపు తిరిగి "చల్లగా ఉండు నాయనా" అంది.

అతను ఆమె వేసిన ముడి వైపు చూశాడు.

"ఆగండి" అన్నాడు. గొట్టం చుట్టే హడావిడిలో ఎవరూ వినలేదు. మళ్లీ అన్నాడు. "ఆగండయ్యా. దూడను విప్పు పెద్దమ్మా."

"ఏమైందోయ్?" అన్నాడు పోస్టుమాస్టరు.

"ఆరిందో లేదో నాకు తెలీదు సారూ. నా చేతికి తెలియట్లేదు. చాలా రోజులైంది." మాట పూర్తిచేయడానికి నేలవైపు చూడాల్సి వచ్చింది. "ఇందాక ఊరికే చెప్పేశాను."

ట్యాంకు నుంచి కారుతున్న చుక్కలు వినిపించాయి. పోస్టుమాస్టరు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఏమంటాడోనని సైకిళ్లాయన మెడ వంచుకున్నాడు. పోస్టుమాస్టరు తొడుగులు విప్పి, జేబులో కుక్కుకుని, అతని పక్కనే మోకరిల్లాడు.

"ఇన్నేళ్లూ నీ చెయ్యి ఒక్కటే కాలింది. ఇక అందరివీ కాలనీ" అన్నాడు.

ఒకరి తర్వాత ఒకరు వచ్చి బూడిదలో చేతులు పెట్టారు. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ఏ ఇద్దరి చేతులూ ఒక మాట మీద లేవు. పోస్టుమాస్టరుది స్టాంపులు ముట్టుకునే మెత్తని చెయ్యి, పెట్టిన ప్రతిచోటా కాలుతోందన్నాడు. వడ్రంగిది చెక్కకంటే మొద్దు, ఎక్కడా ఏమీ లేదన్నాడు. పొడుగోడు ముందు అరిచి తర్వాత చెయ్యి పెట్టేవాడు. చివరికి గుట్ట మొత్తం తిరగెయ్యాల్సి వచ్చింది. కొట్టం వైపు మూల, మోచెయ్యంత లోతున పార దిగగానే, లోపల దానిమ్మగింజల్లా ఎర్రగా నిప్పు కనిపించింది. అది వాళ్లవైపు చూసింది. వాళ్లు దానివైపు చూశారు. పాల పెద్దమ్మ దూడ మెడ పట్టుకుని నిలబడింది.

వడ్రంగి గొట్టం మళ్లీ విప్పాడు.

పొద్దు వాలాక పోస్టుమాస్టరు వాళ్లింటికి వచ్చాడు. సైకిళ్లాయన స్టూలు మీద ఊరికే కూర్చుని ఉన్నాడు. భార్య బల్ల దగ్గర పనిలో ఉంది. ఊళ్లో వార్త నడిచి రాదు, సైకిలెక్కి వస్తుంది. ఆమెకు ఎప్పుడో తెలిసిపోయింది.

"రేపట్నుంచి పంపు నువ్వు చూసుకో. ఆ మిషను నా మాట వినదు, మెకానిక్కు మాటే వింటుంది" అన్నాడు పోస్టుమాస్టరు.

"సరే సారూ."

"గుట్ట దగ్గర వడ్రంగిని కాపలా పెట్టాను. గాలి కూడా లేచింది. వాడికి నిప్పు తగిలితే తెలియాలంటే చొక్కా అంటుకోవాలి." ఆయన తల గోక్కున్నాడు. "చెయ్యి ఒకటి కావాలోయ్ మనకి. ఎవర్ని పెట్టుకోమంటావు?"

సైకిళ్లాయన ఆలోచించాడు. "రోజూ వేడితో పనిచేసే చెయ్యైతే..." అన్నాడు, ఆగాడు.

బల్ల దగ్గర భార్య ఇస్త్రీపెట్టె ఎత్తి, చేతి వెనక భాగం దాని అడుగుకు తగిలీ తగలకుండా పెట్టి చూసి, తల అడ్డంగా ఊపి, పక్కన పెట్టింది. అది కాస్త చల్లారాక గానీ పట్టుచీర మీద పెట్టదు. మగవాళ్లిద్దరూ ఆ చేతినే చూస్తున్నారు.

"నావైపు చూడకండి" అంది ఆమె తలెత్తకుండా. "నాకు చచ్చేంత పనుంది. ఇంట్లోంచి ఒకరు పరుగెత్తింది చాలదా?"

"నేనేమన్నానమ్మా?" అన్నాడు పోస్టుమాస్టరు. నిజంగానే ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

ఆమె టీ పెట్టి రెండు గ్లాసుల్లో పోసి తెచ్చింది. అతనిది అతని పక్కన, తనది బల్ల మీద పెట్టింది. మందు డబ్బా తెచ్చి అతని ముందు నేల మీద కూర్చుని, కుడిచెయ్యి ఒళ్లోకి తీసుకుంది. పొద్దుటి ఎరుపు మీద మధ్యాహ్నం లేచిన బొబ్బలున్నాయి. ఒక్కొక్కదానికీ మందు రాసింది.

"మండుతోందా?"

"లేదు."

"మండితే బాగుండేది" అంది.

అతనికి నవ్వొచ్చింది, ఇంకేదో కూడా వచ్చింది. ఆమె తల మీద ఎడమచెయ్యి పెట్టాడు. "నీకు ముందే తెలుసు కదే?"

"ముల్లు గుచ్చుకుంటే నీకు కాకుండా టీచరమ్మకు నొప్పెడితే తెలియదా ఏంటి? నువ్వే చెబుతావని చూశా." డబ్బా మూత బిగించింది. "చెప్పావుగా. పోనీలే. ఆలస్యమైనా అందరి ముందూ చెప్పావు. రేపు ఆసుపత్రికి పోదాం."

"పోదాం."

బయట గాలి వీధి చివరి రేకులను కొడుతోంది. ఆమె కాసేపు ఆ చప్పుడు వింది. తర్వాత లేచి, ఇస్త్రీపెట్టె తెరిచి, బొగ్గులు నీళ్ల బాల్చీలో వేసింది. చుయ్‌మని ఆవిరి లేచింది. బల్ల మీద ఇంకా బట్టల కుప్ప ఉంది. బొగ్గులెందుకు ఆర్పిందో అతనికి అర్థం కాలేదు. ఆమె జుట్టు బిగించి ముడేసుకుంది. కొంగు నడుముకు చుట్టి దోపింది. గూట్లోంచి టార్చిలైటు తీసుకుని, వెలుగుతోందో లేదో చూసుకుని, వాకిలి దాటింది.

నీళ్లకు వెళుతోందేమో అనుకున్నాడు. కానీ చేతిలో బిందె లేదు. టార్చి వెలుగు కుళాయి వైపు తిరగలేదు. పాల పెద్దమ్మ సందు వైపు తిరిగింది.

పిలవబోయాడు. వెనకే వెళ్దామని లేచి, గుమ్మం దాకా వచ్చి, గుమ్మం పట్టుకుని ఆగాడు. ఇన్నేళ్లూ ఆమె ఇక్కడే నిలబడి చూసి ఉంటుందని అప్పుడు తట్టింది. వెలుగు సందులోకి మళ్లింది.

లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఆమె గ్లాసు బల్ల మీద అలాగే ఉంది. ఒక్క గుక్క కూడా తాగలేదు. పైన ఇంకా సన్నగా ఆవిరి కనిపిస్తోంది.