రెండో బ్రేకు

పొద్దున్నే కారు అద్దాలు తుడిచి, పక్కసీటులో కూలబడి, మాస్టారు కుడికాలి చెప్పు విడిచాడు. డ్రైవింగ్ స్కూలు కారుకి బ్రేకులు రెండు. ఒకటి నేర్చుకునేవాళ్ల కాళ్ల దగ్గర, రెండోది ఆయన దగ్గర. దాన్ని వట్టికాలితో ఎంత మెత్తగా తొక్కుతాడంటే, వాళ్ల కాలు బ్రేకుకి చేరేలోపే బండి ఆగిపోతుంది. అదంతా తమ తెలివేనని వాళ్లు మురిసిపోతారు. ఇన్నేళ్లలో ఆయన చేతికింద బండికి గీత పడలేదు. అదొక్కటే ఆయన గొప్ప. మిగతాదంతా బట్టతల, బొజ్జ, అద్దె ఇల్లు. నిద్రలో కూడా మంచం కోడుని తొక్కుతాడని భార్య అందరికీ చెప్పి నవ్వుతుంది.

కాలు తియ్యండి, ఖాళీ స్థలంలో నాలుగు తప్పులు చెయ్యనివ్వండి, అప్పుడే వస్తుందని స్కూలు ఓనరు మొత్తుకునేవాడు. ఈయన ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేవాడు. తనకి నేర్పినవాడు తప్పు తప్పుకీ నెత్తిన మొట్టాడు. ఆ హడలు ఇంకా పోలేదు. తన దగ్గర ఎవరూ భయపడకూడదు. మంచివాడే, ఎవరు కాదన్నారు! మంచితనం వల్ల మునిగిన కొంపల లెక్క ఎవరు చూశారు గనక.

సాయంత్రం మరదలు వచ్చింది, భార్య చెల్లెలు. మొగుడు పోయాక ఇద్దరు పిల్లలతో నెగ్గుకొస్తోంది. లైసెన్సు వస్తే బడి వ్యాను నడిపే పని ఇస్తామన్నారు. టెస్టు మర్నాడే. టెస్టు బండికి రెండో బ్రేకు ఉండదు.

"ఆగాలని అనుకుంటే చాలు, ఆగిపోతోంది బావా. మీకంటే ఇదే నయం, మాట వింటుంది" అంది.

ఆయన నవ్వి, మెత్తగా తొక్కాడు.

బండి స్కూలు ఆవరణలోకి తిరిగి రాగానే ఓనరు ఆఫీసు గుమ్మంలోంచి అందరూ వినేలా అడిగాడు, రేపు టెస్టు బండిలో కూడా పక్కనే కూర్చుంటారా అని. మాస్టారికి రోషం పొడుచుకొచ్చింది. చెప్పు సంగతి కూడా మరిచి దిగాడు. తను నేర్పిన చదువు మీద తనకంత నమ్మకం. ప్రహరీగోడ ముందు నిలబడి, "రా, నిదానంగా. నేను చెయ్యెత్తగానే ఆపెయ్" అన్నాడు.

ఆమె నవ్వుతూనే వచ్చింది. ఆయన చెయ్యెత్తాడు. ఆగాలని ఆమె అనుకుంది. అనుకుని ఊరుకుంది. కాలు ఆక్సిలరేటరు మీదనుంచి జరపాల్సిన అవసరం ఆమెకి ఏనాడూ రాలేదు మరి.

మాస్టారు పక్కకి దూకలేదు. కుడికాలితో నేలని తొక్కాడు. మళ్లీ గట్టిగా తొక్కాడు. గుమ్మంలో ఉన్న ఓనరు అది చూశాడు. గోడ దగ్గర పెద్ద చప్పుడేమీ కాలేదు.

రాత్రికి శవం ఇంటికి వచ్చింది. మరదలు అక్క కాళ్ల దగ్గర కూర్చుని, "ఎప్పుడూ దానంతట అదే ఆగేది కదక్కా" అంది.

కొన్నాళ్లకి, కొత్త మాస్టారు వస్తున్నాడని ఓనరు కారు కడగడానికి తలుపు తీశాడు. స్టీరింగు కింద బ్రేకు రబ్బరు మీద కొత్తప్పటి గీతలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. పక్కసీటు ముందు రెండోది అరిగి అరిగి ఇనుము బయటపడింది, దాని పక్కనే ఆయన కుడికాలి చెప్పు.