అక్క ఫోనులో ప్రశ్నలు

చిలీ దేశంలో వాల్పరైసో కొండ మీద మెలానియా ఇల్లు నూట నలభై మూడు మెట్ల పైన ఉంది. కింద బజారు పక్క సందులో ఆమె చెల్లెలు ఎల్సిరా ఇల్లు. డెబ్బై ఏళ్ల చెల్లెలు ప్రతి ఆదివారం ఆ మెట్లెక్కి డెబ్బై ఆరేళ్ల అక్క దగ్గర టీ తాగి, రొట్టె మీద అవకాడో పూసుకు తిని, నాలుగు చీవాట్లు పెట్టి దిగివచ్చేది. చీవాట్లు ఆలస్యమైతే అక్కకే తోచేది కాదు.

"ఏమే, ఒంట్లో బాగాలేదా? వచ్చి గంటైంది, ఇంకా తిట్టలేదు" అనేది.

కిందటేడు చలికాలంలో వానకు నానిన మెట్ల మీద జారి మెలానియా మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టించి ఇంటికి తెచ్చిన రోజే ఎల్సిరా వేలు చూపించి మరీ అనేసింది.

"ఇంకొక్కసారి పడ్డావని నా చెవిన పడిందా, ఈ ఇంటికి తాళం వేయించి నిన్ను తీసుకెళ్లి నా వెనక గదిలో కూర్చోబెడతాను."

"నీ వెనక గది కిటికీ తీస్తే కోళ్ల అంగడి గోడ తప్ప ఏముందే? ఆ వాసన పీల్చేకంటే పడి చావడమే నయం."

"వేళాకోళం కాదక్కా."

"నేను మాత్రం నవ్వుతున్నానా?"

ఆ ఇల్లు మెలానియా భర్త బతికున్న రోజుల్లో ఓడరేవులో పనిచేస్తూ ఒక్కొక్క చెక్కపలకా మోసుకొచ్చి కట్టినది. వంటగదిలో నిలబడితే సముద్రమంతా కనిపిస్తుంది.

వేసవిలో వీధి సంఘం వాళ్లు పెద్దవాళ్లకు ఫోను వాడటం నేర్పించారు. మెలానియా ఒక్క రోజు మానకుండా వెళ్లింది. ఆ తరువాత ఎప్పుడు చూసినా కళ్లజోడు ముక్కు చివరికి జారవేసుకుని ఫోనులో తలదూర్చి ఉండేది.

"ఎవడే వాడు?" అని ఎల్సిరా ఏడిపించేది.

"చెప్తాలే. పెళ్లికి నిన్నే పిలుస్తాను ముందు."

కొత్త రకం పిండివంటలు చూస్తోంది కాబోలు అనుకుంది ఎల్సిరా.

జులైలో ఒక బుధవారం మధ్యాహ్నం పక్కింటి అన్సెల్మో నుంచి ఫోను వచ్చింది. అక్క వంటగదిలో పడింది, తుంటి విరిగింది. ఆసుపత్రి మంచం మీద మెలానియా మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నా మాటకేమీ లోటు లేదు.

"అప్పుడే పడ్డానే. పడ్డానో లేదో అన్సెల్మో వచ్చేశాడు. అదృష్టమంటే నాదీ."

ఆపరేషన్ బాగానే జరిగింది. తరువాత ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. పదకొండో రోజు తెల్లవారేసరికి మనిషి లేదు.

ఖననమైన మూడో రోజు ఎల్సిరా కొండ మీద అక్క ఇంట్లో కూర్చుని ఆమె ఫోను తీసింది. ఫోను తరగతిలోని స్నేహితురాళ్లకు కబురు పంపుదామని. ఎక్కడ నొక్కాలో తెలియక పైన కనబడ్డ గడిలో వేలు పెట్టింది. ఇన్నాళ్లూ అక్క ఇంటర్నెట్‌ను అడిగిన ప్రశ్నలన్నీ బారుగా కిందికి దిగాయి.

మంచం మీంచి లేవగానే కళ్లెందుకు తిరుగుతాయి. రక్తపోటు మాత్రలు తూలేలా చేస్తాయా. స్నానాల గదిలో పట్టుకునే కమ్మీ ఎంత ఎత్తులో పెట్టాలి. ఎల్సిరా మొదట మెచ్చుకోలుగా తలూపింది, జాగ్రత్త నేర్చుకుంటోందే అని. ఆ కిందిది చదివాక ఆమె చెయ్యి ఆగిపోయింది. నెలలో మూడుసార్లు పడితే దేనికి గుర్తు. మోచేతి మీద కమిలిన మచ్చ ఎన్నాళ్లకు పోతుంది. ఎవరూ లేనప్పుడు నేల మీంచి లేవడం ఎలా. ఈ చివరిది ఒక్కసారి అడిగింది కాదు. జనవరిలో ఉంది, మార్చిలో ఉంది, మేలో రెండుసార్లు ఉంది.

అక్కడ జనవరి అంటే నడివేసవి. ఆ ఎండల్లో అక్క పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే, "ముసలితనం వచ్చిందే నీకు, ఈ ఉక్కలో చలేమిటి?" అని తను నవ్విన సంగతి ఎల్సిరాకు గుర్తొచ్చింది.

అన్నిటికన్నా చివర ఇంకో ప్రశ్న ఉంది, జులైలో అడిగింది. పడ్డానని చెల్లెలికి ఎలా చెప్పాలి.

దాని మీద నొక్కితే పెద్దవాళ్లు ఒకరికొకరు రాసుకునే చోటు తెరుచుకుంది. అక్క రాత అక్కడుంది.

"నాకొక చెల్లెలుంది. నోరే గానీ మనసు వెన్న. నన్ను తన ఇంటికి తీసుకెళ్తానంటుంది, అందుకు కాదు నా భయం. మొన్న మెట్లెక్కి వచ్చేసరికి దాని పెదవులు నీలంగా ఉన్నాయి. నేను పడుతున్నానని తెలిస్తే రోజూ ఎక్కుతుంది. నా ఎముకలు కాపాడబోయి దాని గుండె ఆగిపోతే నేనేం కావాలి?"

ఇకీకే ఊరి నుంచి నుబియా అనే ఆవిడ జవాబిచ్చింది. "చెప్పేయండి తల్లీ. టీ పొయ్యండి, ఒక గుక్క తాగనిచ్చి చెప్పండి."

"ఈ ఆదివారం చెప్తాను" అని అక్క రాసింది. కింద నుబియా రెండుసార్లు అడిగింది: "చెప్పారా?"

అక్క పడిన బుధవారానికి ముందు వచ్చిన ఆ ఆదివారం ఎల్సిరాకు బాగా గుర్తుంది. అక్క టీ పోసింది. "ఎల్సీ, నీతో ఒక మాట చెప్పాలే" అంది. తనేమో మోకాళ్ల నొప్పుల గురించి చెప్పి, మెట్లు శుభ్రం చెయ్యని మునిసిపాలిటీని దులిపేస్తూ, "మాటలకేం, వచ్చే వారం చెబుదువుగాని, చీకటి పడితే దిగలేను" అని సంచీ భుజాన వేసుకుని లేచింది. అక్క గుమ్మం దాకా వచ్చింది. "మెల్లగా దిగు" అంది.

ఎల్సిరా ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నుబియాకు రాసింది. "నేనే ఆ చెల్లెల్ని. అక్క చెప్పబోయింది. నేను వినలేదు. ఇప్పుడు అక్క లేదు."

లేచి పక్కింటికి వెళ్లింది. అన్సెల్మో వరండాలో బంగాళాదుంపల చెక్కు తీస్తున్నాడు.

"ఆ రోజు మీరు వెళ్లేసరికి మా అక్క ఎలా ఉంది? నిజం చెప్పండి."

అతను కత్తి పక్కన పెట్టాడు. "ఎందుకమ్మా ఇప్పుడు?"

"చెప్పండి."

"పొద్దున ఎప్పుడో పడినట్టుందమ్మా. పొయ్యి మీద నీళ్లన్నీ ఇగిరి కెటిల్ మాడిపోయింది, ఆ వాసనకే నేను వెళ్లాను. పక్కకు తిరిగి, మోచేతుల మీద కుర్చీ దాకా పాకింది. పట్టుకుంటే ఆ కుర్చీ జారిపోయిందట. మళ్లీ లాక్కుందట. అలా ఎన్నిసార్లో."

"అప్పుడే పడ్డానని చెప్పిందే నాతో" అంది ఎల్సిరా.

"మీకు ఫోను చేస్తానంటే చెయ్యి పట్టుకుని ఆపింది. 'అప్పుడే ఎల్సీకి చెప్పకు అన్సెల్మో, పరిగెత్తుకుంటూ ఎక్కుతుంది. అంబులెన్సు వాళ్లు నన్ను కిందికి దించాక చెయ్యి. ముందు నాకు కాస్త తల దువ్వు, ఇలా చూస్తే అది హడలిపోతుంది' అంది."

"దువ్వారా?"

"దువ్వానమ్మా. నాకు చేతకాలేదు. పాపిడి వంకరగా వచ్చింది."

ఆసుపత్రిలో ఆ వంకర పాపిడి చూసి, "దువ్వుకోవడం కూడా మరిచిపోయావా?" అని తను అడిగింది. అక్క నవ్వి ఊరుకుంది.

అన్సెల్మో కుర్చీ జరిపాడు. ఎల్సిరా కూర్చోలేదు. గోడకు ఆనుకుని, నోటికి కొంగులాగా శాలువా అడ్డం పెట్టుకుని, "అక్కా" అంది. మెట్ల కిందనుంచి పిలిచినట్టు గట్టిగా మరోసారి అంది. వీధి కుక్క ఒకటి తలెత్తి చూసి మళ్లీ పడుకుంది.