ముగ్గురికి సరిపోని గుడ్డ

కొలతలో తేడా వస్తే నాకు ఒళ్ళు మండుతుంది. చింతపల్లి సంతవీధిలో గుడ్డల కొట్టు పెట్టిన కొత్తలోనే పాత గజం బద్దని విరిచి పొయ్యిలో పెట్టి, మీటరు బద్ద కొన్నవాణ్ణి. కొండ కింద మైదానం నుంచి వచ్చిన మిగతా కొట్లవాళ్ళు రెండు బద్దలూ దాచుకుని, మనిషిని బట్టి ఒకటి బయటికి తీసేవారు. ఈ సన్యాసిరావు కొట్టులో ఆ పప్పులు ఉడకవని ఊరంతటికీ తెలుసు. అందుకే డెబ్భై రెండులో వానల కాలంలో మా ఇంట్లో జరిగింది తలుచుకుంటే, ఇప్పటికీ నాకు భయం కంటే ముందు కోపం వస్తుంది.

నా భార్య పైడితల్లికి క్రాస్ కుట్టు పిచ్చి. అనకాపల్లి బడిలో నేర్చుకుంది. కొట్టుకి మ్యాటీ గుడ్డ తాను వచ్చిందంటే ముందు ఆవిడ చెయ్యి పడాల్సిందే. నేతలోనే చిన్న చిన్న గళ్ళుండే గుడ్డ అది. కాగితం మీద గీసుకున్న బొమ్మ చూసుకుంటూ, గడికొక కుట్టు వేసుకుంటూ పోవాలి. ఆ ఏడు మా ముగ్గురి బొమ్మా కుట్టి గోడకి పెడతానంది. నేను, తను, ఆరేళ్ళ మా ఆడగుంట రత్నాలు, చేతులు పట్టుకుని వరసగా. గళ్ళ కాగితం మీద రంగు పెన్సిళ్ళతో గీసి తెచ్చింది. నా మీసం మరీ పెద్దది పెట్టిందని పోట్లాడాను కూడా.

"ఎంత గుడ్డ కావాలో లెక్క చెప్పు. ఊరికే తాను పాడుచెయ్యనివ్వను," అన్నాను.

"మనిసికి అరవై గళ్ళు, ముగ్గురికీ నూటెనబై. ఈ గుడ్డకి అంగుళానికి పది గళ్ళు. అంటే పద్దెనిమిది అంగుళాలు. చట్రానికి మడవడానికి అటు మూడు, ఇటు మూడు. ఇరవై నాలుగంగుళాలు ఇయ్యండి, సాలు," అంది.

లెక్క బాగానే ఉంది. టేపు పెట్టి కొలిచి, కత్తిరించి ఇచ్చాను.

కుట్టు మొదలుపెట్టే ముందు పైడితల్లి మనిషికీ మనిషికీ మధ్య పచ్చదారంతో గుర్తు పోగు వేసుకుంటుంది. మర్నాడు మధ్యాహ్నం ఆ గుడ్డ పట్టుకుని కొట్టులోకి వచ్చింది. "సరిపోనేదండీ. మీకూ నాకూ సోటుంది. గుంటకి నేదు."

"నీకు లెక్క రాదేటే?" అని గుడ్డ లాక్కున్నాను. టేపు పెట్టాను. ఇరవై నాలుగంగుళాలు. సూది మొనతో గళ్ళు లెక్కపెట్టాను. అంచుకి మూడంగుళాలు, నాకు అరవై గళ్ళు, ఆవిడకి అరవై గళ్ళు, ఆ తర్వాత మళ్ళీ అంచు మూడంగుళాలే. ముక్కలుగా కొలిస్తే పద్దెనిమిది, మొత్తంగా కొలిస్తే ఇరవై నాలుగు. టేపు సాగిందని దాన్ని తిట్టి, ఇనప స్కేలుతో కొలిచాను. అదే మాట. అయినా నోరు ఊరుకోదు కదా, "నీ గుర్తు పోగులే వంకర," అని ముప్పై అంగుళాల ముక్క ఇంకొకటి కత్తిరించి ఆవిడ మీదకి విసిరాను.

దాంట్లోనూ ఇద్దరికే చోటు వచ్చింది. అదే తానులోంచి గుడ్డ తీసుకెళ్ళిన టీచరమ్మ కుట్టిన నెమలి మాత్రం తోకతో సహా సరిపోయింది. మా ముగ్గురికే సరిపోలేదు.

ఆ సాయంత్రం రత్నాలుకి చలిజ్వరం మొదలైంది. నాలుగు దుప్పట్లు కప్పినా పళ్ళు కొట్టుకుంటున్నాయి. పైడితల్లి దాని నుదుటి మీద చెయ్యి వేసి నా వైపు చూసింది. తర్వాత మూల పడున్న ఆ గుడ్డ వైపు చూసింది. ఆవిడ ఏమనుకుంటోందో నాకు తెలిసింది, తెలిసినందుకు ఇంకా కోపం వచ్చింది.

తెల్లారాక తాను మొత్తం కిందకి దించాను. గల్లాపెట్టె దగ్గర నుంచి వీధి గుమ్మం దాకా పరిచాను. "లెక్కపెట్టు! ఇందులో మనమే కాదు, సంత మొత్తం పడుతుంది," అని అరిచాను.

మా వ్యాపారస్తుల ఇళ్ళలో కొలిచేటప్పుడు ఒకటి అనం. లాభం, రెండు, మూడు అంటాం. పైడితల్లి కూరలోకి పచ్చిమిరపకాయలు లెక్కపెట్టినా అంతే. గల్లాపెట్టె దగ్గర చతికిలబడి, గళ్ళ మీద వేలు నడిపిస్తూ, నా వంతు అయ్యాక "లాభం" అంది. తన వంతు అయ్యాక "రెండు" అంది. నేను ఆవిడ వేలే చూస్తున్నాను, రెప్ప వెయ్యలేదు. రెండు అనేసరికి ఆ వేలు గుమ్మం దగ్గర, తాను కొసన ఉంది. ఆవిడ లేచింది లేదు, జరిగింది లేదు. బయట వాన పడుతోంది. గుమ్మంలోంచి జల్లు ఆవిడ చేతి మీద కొడుతోంది.

ఆ తర్వాత నేను ఎవరినీ తిట్టలేదు.

నర్సీపట్నం ఆసుపత్రికి తీసుకెళ్దామంటే ఘాటీలో కొండచరియ విరిగిపడింది, జీపులు లేవు. కాంపౌండరు తాతారావు ఇచ్చిన మాత్రలు వేస్తే గుంట వాంతి చేసుకుంటోంది. కళ్ళు తెరవడం మానేసింది. నేను గుమ్మంలో నిలబడి జీపు చప్పుడు కోసం చెవులు రిక్కించేవాణ్ణి. లోపల పైడితల్లి దాని మంచం పక్కన కూర్చుని, మొదట కత్తిరించిన ముక్క ఒళ్ళో పెట్టుకుని కుట్టుకుంటూ ఉండేది. ఈ వేళప్పుడు కుట్టేమిటనిపించింది. చేతికి ఏదో పని ఉండాలి కదా అనుకున్నాను.

ఒక పొద్దున్న రత్నాలు, "అమ్మా, గంజి," అంది. ఒళ్ళంతా చెమట పట్టి చల్లగా ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. గంజి కాచమని చెబుదామని పైడితల్లి వైపు తిరిగాను. ఆవిడ కొంగు బిగించి కప్పుకుని వణుకుతోంది. ఒళ్ళో గుడ్డ ఉంది. ఎప్పుడూ మధ్యలోంచి మొదలుపెట్టే మనిషి ఈసారి చివర నుంచి మొదలుపెట్టింది. ఆ చివర రత్నాలు, ఎర్ర పరికిణీతో సహా పూర్తయిపోయింది. పక్కన నేను, మీసంతో సహా. ఆ పక్కన అంచు.

"ఏటి సేసినావే? విప్పేయ్. నన్ను చివర పెట్టు," అన్నాను.

"బేగి గంజి కాయండి, గుంట ఆకలంటంది," అంది. తర్వాత బొమ్మల మీద వేలు పెట్టి చూపించింది. రత్నాలు మీద పెట్టి "లాభం," అంది. నా మీద పెట్టి "రెండు," అంది. నవ్వింది కూడా. ఆ నవ్వు చూసి నేను ఆ గుడ్డ లాక్కుని విప్పెయ్యాలని సూది తీశాను. మొదటి కుట్టు కింద సూది దూర్చగానే మంచం మీద రత్నాలు మూలిగింది. సూది కింద పడేశాను.

దారి బాగుచేసే లోపే పైడితల్లి పోయింది.

గుడ్డ పెట్టె అడుగున పడేశాను. తాను తగలబెట్టాను. కొట్టులో మళ్ళీ మ్యాటీ పెట్టలేదు. రత్నాలు హైస్కూల్లో కుట్టు నేర్చుకుని, ఒక వేసవిలో పెట్టె సర్దుతూ ఆ ముక్కనీ, మడతలు పడిన గళ్ళ కాగితాన్నీ బయటికి తీసింది.

"నాన్నా, అమ్మకి సోటు వదిలీసినారు కదా. నాను కుట్టీనా?"

"చోటెక్కడిది?" అని గుడ్డ లాక్కున్నాను. నా బొమ్మ పక్కన తెల్లగా ఖాళీ ఉంది. టేపు తెచ్చి కొలిచాను. ముక్కలుగా కొలిచినా ఇరవై నాలుగే, మొత్తంగా కొలిచినా ఇరవై నాలుగే.

రత్నాలు కుట్టింది. వాళ్ళమ్మ గీసినట్టే, నా చెయ్యి పట్టుకుని నిలబడినట్టు. అయ్యాక నాకు చూపిస్తూ లెక్కపెట్టింది, "లాభం, రెండు, మూడు." అది నిద్రపోయాక గళ్ళు నేను మళ్ళీ లెక్కపెట్టాను. ఒక్క గడైనా తక్కువ రావాలని, పైడితల్లికి ఇంకా చోటు చాలకూడదని మొక్కుకున్నాను. పోవాల్సిన మనిషికే కదా ఆ గుడ్డ చోటివ్వనిది; చాలకపోతే, ఇంకా పోలేదు, ఎక్కడో బతికే ఉందనుకునేవాణ్ణి. గుడ్డ సరిగ్గా సరిపోయింది.