ఒక పెట్టుడు మీసం చెప్పుకున్న గొప్పలు

నేను ఒక పెట్టుడు మీసాన్ని. నవ్వితే నవ్వండి. నన్ను చూసి నవ్వినవాళ్ళే, మూతికి అంటించుకుని అద్దంలో చూసుకోగానే గొంతు సవరించుకునేవారు.

తెనాలిలో నాటకాలకు మేకప్ చేసే కోటిలింగం గారు నన్ను తయారుచేశారు. పల్చని వలగుడ్డ మీద ఒక్కో వెంట్రుకా ముడివేసి, కొసలు మెలితిప్పి, మూడు రోజులు కష్టపడ్డారు. వెంట్రుకలతో పాటు కాస్త అహం కూడా ముడివేసినట్టున్నారు. ఇరవై ఏళ్ళు రాజుల మూతుల మీదే బతికాను. పొద్దున టీకొట్టులో గ్లాసులు కడిగిన మనిషి సాయంత్రం నన్ను అంటించుకుని సింహాసనం ఎక్కితే, జనం చప్పట్లు కొట్టేవారు. అవన్నీ నాకేననుకున్నాను. పద్యం పాడింది ఆయన గొంతు అన్న సంగతి నాకు తట్టనే లేదు.

కోటిలింగం గారు పోయాక, ఆయన కూతురు సుగుణ నన్ను తన సంచిలో వేసుకుంది. ఆమె శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్. అక్కడ శనివారం మధ్యాహ్నాలు ‘పాత్రల ఆట’ అని ఒకటి మొదలుపెట్టింది. వచ్చినవాళ్ళు తలా ఒక పాత్రను కల్పించుకోవాలి. ఆ పాత్రలాగే మాట్లాడుతూ అందరూ కలిసి కథ నడపాలి. రాసిపెట్టిన మాటలుండవు, ఎదుటివాళ్ళు ఏమంటారో ముందు తెలియదు. బల్ల మీద ఒక తలపాగా, కళ్ళజోడు, చేతికర్ర, వాటి మధ్య నేను.

మొదటి శనివారం అందరూ నాకోసమే ఎగబడ్డారు. లారీలు నడిపి రిటైరైన ఏసోబుకు ముందుగా దక్కాను. అంటించుకోగానే జమీందారైపోయి “ఎవడ్రా అక్కడ!” అన్నాడు. తర్వాత నన్ను పెట్టుకున్న హిందీ మాస్టారూ జమీందారే. మూడో ఆయన రౌడీ అయ్యాడు గానీ, అతనికీ వచ్చింది “ఎవడ్రా అక్కడ!” ఒక్కటే. పావుగంటలో అందరూ ఒకరినొకరు చంపుకున్నారు. కథ నడపడానికి మనిషి మిగల్లేదు. నేను మాత్రం చాలా బాగా కనిపించానని నాకు నేనే చెప్పుకున్నాను.

సుగుణ నన్ను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంది.

“మీసం పెట్టుకుంటే మనిషైపోడండీ. వాడికి ఏం కావాలి? అది ఎందుకు దొరకట్లేదు? ఎవరికీ చెప్పకుండా ఏం దాస్తున్నాడు? ముందు ఈ మూడూ ఆలోచించుకోండి, మీసం తర్వాత నేనిస్తాను.”

ఇరవై ఏళ్ళ సర్వీసున్న నన్ను మూడు ప్రశ్నల వెనక వరుసలో నిలబెట్టింది!

జాకెట్లు కుట్టే మస్తాన్‌బీ, కూతురు చదివిన పుస్తకాలు తిరిగివ్వడానికి వచ్చేది. నాలుగు వారాలు గుమ్మం దగ్గర కూర్చుని ఆట చూసి వెళ్ళిపోయింది. ఐదో వారం లేచి, “నేనూ చేస్తా మేడం. ఆ మీసం ఇయ్యండి” అంది. రాజుల మూతుల మీద వెలిగిన నాకు ఈ గతి పట్టిందేమిటని లోలోపల ఏడ్చాను.

ఆమె నన్ను వంకరగా అంటించుకుని, నడుం కాస్త వంచి కూర్చుంది.

“నా పేరు వెంకటస్వామి. బస్టాండులో మైకులో బస్సుల పేర్లు చెప్తా. ముప్పై ఏళ్ళ నుంచి అదే పని. పొన్నూరు, బాపట్ల మీదుగా చీరాల పోవు బస్సు మూడో నంబరులో సిద్ధముగా ఉన్నది... రోజూ చెప్తా. ఒక్కసారి కూడా ఎక్కలా.”

“ఏం, ఎందుకెక్కలా?” అన్నాడు ఏసోబు. ఆ రోజు ఆటలో అతను ఆ బస్సు డ్రైవరు.

“బస్సు పడదు నాకు. వాంతులు.”

అందరూ నవ్వారు. ఏసోబు వదల్లేదు. “నిమ్మకాయ ఇస్తా, కిటికీ పక్క సీటిస్తా. ఇయ్యాళ ఎక్కాల్సిందే.”

వెంకటస్వామి పైపెదవి మీద చెమట పట్టింది. నా జిగురు వదులైంది. ముందు ఒక కొస ఊడింది, తర్వాత నేనే ఊడి కింద పడ్డాను. ఇక అందరూ విరగబడి నవ్వుతారనుకున్నాను. ఒక్కరూ నా వైపు చూడలేదు.

“చీరాల్లో తమ్ముడున్నాడయ్యా” అన్నాడు వెంకటస్వామి. “అమ్మ పోయినప్పుడు అమ్మ వస్తువు ఒకటి అడిగాడు. ఇయ్యలా. పదకొండేళ్ళయింది, మాటల్లేవు. తప్పు నాదే. పోతే ఆ మాట వాడి మొహం మీద ఒప్పుకోవాల. అది చేతగాక వాంతులని చెప్తన్నా.”

ఏసోబు గొంతు తగ్గింది. “నేను బస్సు తియ్యనులే, అన్నా. నువ్వెక్కిందాకా ఆపుతా.”

వెంకటస్వామి లేచాడు. నాలుగడుగులు వేసి, ఏసోబు వెనకున్న ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. హిందీ మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను బల్ల కింద, ఎవరిదో చెప్పు పక్కన బోర్లా పడి ఉన్నాను. నేను ఊడిపోయినా వెంకటస్వామి చెక్కుచెదరలేదు. నేను చూసిన నాటకాలన్నిటిలోకీ గొప్పది అదే, అందులో నేను లేను.

తర్వాతి శనివారం మస్తాన్‌బీ రాలేదు. ఆ పై వారం వచ్చి, కూర్చోకముందే చెప్పడం మొదలుపెట్టింది.

“చీరాల పోయొచ్చా మేడం. రెండుసార్లు వాంతయింది. అది మాత్రం అబద్ధం కాదు.”

ఈసారి అందరితో పాటు ఆమె కూడా నవ్వింది.

“తమ్ముడు కాదు, చెల్లెలు. అమ్మ కుట్టుమిషను నేనే ఉంచేసుకున్నా. తప్పయిందే అన్నా. ముందు మంచినీళ్ళిచ్చింది. తర్వాత తిట్టింది. అన్నం పెట్టి మళ్ళీ తిట్టింది. మిషను తెచ్చిస్తానంటే, ఇప్పుడు నాకెందుకు, సూదిలో దారమే కనపడట్లా, నువ్వే నెలకోసారి వచ్చి నా జాకెట్లు కుట్టిపో అంది.”

ఇప్పుడు మార్కెట్లో ఎదురైనవాళ్ళు మస్తాన్‌బీని “వెంకటస్వామి బాగున్నాడా?” అని అడుగుతారట. మీసం బాగుందా అని అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు. నిజానికి బాగాలేను. కుడివైపు వెంట్రుకలు రాలిపోతున్నాయి. బట్టతల వచ్చిన మీసం ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మొన్న శనివారం సరోజిని అనే నర్సు కొత్తగా చేరింది. నన్ను మూతి దగ్గర పెట్టి చూసుకుని, మళ్ళీ బల్ల మీద పెట్టేసింది.

“నా పాత్ర ఎవరో నాకే ఇంకా తెలియలేదు మేడం. తెలిశాక తీసుకుంటా” అంది.

ఒకప్పుడైతే వారం రోజులు అలిగేదాన్ని. ఆమె పెన్ను మూత కొరుకుతూ కిటికీలోంచి బయటికి చూస్తోంది. కాగితం మీద ఏదో రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. ఎవరొస్తారా అని నేనూ బల్ల మీద నుంచి ఆమె ముఖం వంకే చూస్తున్నాను.